పంతులుగారి ముహూర్తానికి మునిగిన కారు

మా రేసు కారు ఉన్న చెరువులోకి నీళ్ళు వదిలించారు. ఆదివారం పందెం ఉందనగా గురువారం తెల్లవారుజామున వదిలించారు. వదిలించినది పరాయివాడు కాదు, మా జట్టులో మనిషే. స్టాప్‌వాచీ పట్టుకుని గట్టు మీద నిలబడే పంతులుగారు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. "ఎందుకండీ అలా చేశారు?" అని నేను ఆయన్ని అడగని చోటు లేదు. పెళ్ళిపందిట్లో అడిగాను, కూరగాయల బజారులో అడిగాను, ఒకసారి రైల్వే గేటు పడితే ఆయన వ్యాను పక్కన నా స్కూటరు ఆపి అడిగాను. "పోనిద్దురూ, పాత సంగతి" అనేవాళ్ళు ఏలూరులో బోలెడంత మంది. వాళ్ళ కారు మునగలేదు కాబట్టి అంటారు.

ముందు నా సంగతి చెప్పి అసలు విషయానికొస్తాను. నేను ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఏలూరులో పాత బళ్ళ సామాన్ల కొట్టు నాది. నా చదువంతా ఆ సామాన్లు చుట్టి వచ్చిన కాగితాల మీద సాగింది. తెలుగు, ఇంగ్లీషు, ఏది దొరికితే అది. అందుకే నాకు చాలా విషయాలు సగం వరకే తెలుసు. మిగతా సగం ఇంకో గేర్‌బాక్సుకి చుట్టి ఇంకెవరికో వెళ్ళిపోయి ఉంటుంది. రేసు కారు బొమ్మ మొదటిసారి చూసిందీ అలాంటి కాగితం మీదే. కారు గాల్లో ఉంది. కింద పడిందో లేదో చిరిగిన ముక్కలో ఉండాలి. ఆ బొమ్మని చాలాకాలం కొట్టులో అద్దం వెనక దాచుకున్నాను.

నా కొట్టు పక్కన వెల్డింగు షాపు. దాన్ని నడిపే మేస్త్రి తాతముత్తాతల నుంచీ ఇనుముతో బతుకుతున్న సాయిబుల ఇంటివాడు. వాళ్ళ నాన్న లారీలకి బాడీలు కట్టేవాడు. ఇతను విరిగినవన్నీ అతికించేవాడు. నన్ను "బాబాయ్‌గారూ" అంటాడు. ఎంత మర్యాదగా అంటాడంటే, ఆ పిలుపు వెనక నాకు పెట్టబోయే చీవాట్లు నాలుగు వాక్యాలు గడిస్తేగాని తెలియవు.

ఇక పంతులుగారి అమ్మాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో పంతులుగారికి తీరిక ఉండేది కాదు. ఏలూరులో ఒక ముహూర్తం, అది ముగించి ఆకివీడులో ఇంకొకటి, అక్కణ్ణించి తాడేపల్లిగూడెంలో మరొకటి. ఒప్పుకోకపోతే అవతలివాళ్ళు నొచ్చుకుంటారని అన్నీ ఒప్పుకునేవారు. ఆ ఊరి నుంచి ఈ ఊరికి ఆయన్ని తిప్పేది ఆయన కూతురు, వాళ్ళ పాత వ్యానులో. డిగ్రీ చదివిన పిల్ల. ముహూర్తం దాటితే నాన్నగారి పరువు పోతుంది గనక, పరువుకీ దూరానికీ మధ్య ఉన్నదంతా ఆక్సిలరేటరే అని ఆ అమ్మాయి నిర్ధారించుకుంది.

ఒకసారి ఆకివీడులో పెళ్ళికి నేనూ ఆ వ్యానులో ఎక్కాను. ఎందుకెక్కానా అని కైకలూరు దాటేలోపే అనుకున్నాను. ఎదురుగా చేపల లారీలు. అవి కార్చుకుంటూ పోయే ఐసు నీళ్ళతో రోడ్డు నున్నగా మెరుస్తోంది. ఈ పిల్ల లారీకీ గట్టుకీ మధ్య నేను స్కూటరు కూడా పోనివ్వని సందులోంచి వ్యాను దూర్చేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ముందు సీట్లో పంతులుగారు మంగళసూత్రాలకి పసుపుతాడు సరిచేస్తున్నారు. ఒళ్ళో అక్షతల పళ్ళెం ఉంది. అంత వేగంలో అన్ని మలుపులు తిరిగినా ఆ పళ్ళెంలోంచి ఒక్క గింజ కింద పడలేదు.

మర్నాడు మేస్త్రితో చెప్పాను. "మనం రేసు కారు చెయ్యాలయ్యా. డ్రైవరు దొరికింది."

మేస్త్రి వెల్డింగు అద్దం పైకెత్తి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "బాబాయ్‌గారూ, మొన్న మీ స్కూటరు స్టార్టు అవ్వకపోతే తోసిందెవరండీ?"

"నువ్వే."

"గుర్తుంది కదండీ. సరే, చేద్దాం."

అలా మొదలైంది. ఎవరో డాక్టరుగారి చిన్న కారు, ముందు భాగం చెట్టుకి అప్పగించి మిగతాది నా కొట్టుకి వచ్చి పడి ఉంది. దాన్నే తీసుకున్నాం. సీట్లన్నీ పీకేశాం. లోపల ఇనుప పంజరం ఉండాలని రూలు. మేస్త్రి పాత శామియానా పైపులు తెచ్చి అతికించాడు. రంగు ఒక స్కూలు బస్సుకి వేయగా మిగిలినది. అది చాలక వెనక తలుపుకి అంబులెన్సు తెలుపు వేశాం. అమ్మాయికి తొడుగు కుట్టింది లారీ సీట్ల కవర్లు కుట్టే దర్జీ. చాలా గట్టిగా కుట్టాడు. వేసుకుని నిలబడితే అమ్మాయి కూడా లారీ సీటులాగే ఉంది, బిగిస్తే ఎవరైనా కూర్చునేట్టు.

పంతులుగారిని అడగడానికి నేనూ మేస్త్రీ కలిసి వెళ్ళాం. ఈ చోట మా ప్రాంతం అలవాటొకటి చెప్పాలి. మా వైపు 'వద్దు' అనే మాట ఎదటివాడి మొహం మీద అనరు. అనడం రాదు. ఇష్టం లేకపోతే "చూద్దామండీ" అంటాం. అసలే ఇష్టం లేకపోతే "అలాగేనండీ" అంటాం. మరీ చచ్చినా ఒప్పుకోమనుకోండి, కాఫీ ఇస్తాం. కాబట్టి పంతులుగారు కాఫీ పట్టుకొస్తుంటే నేను చెప్పులు వెతుక్కున్నాను. ఆయన గ్లాసులు పెట్టి, కండువా సర్దుకుని, "రేసులో టైము చూడ్డానికి మనిషి కావాలటగదండీ? నన్ను పెట్టుకోకూడదా?" అన్నారు.

ఆ మాటతో జట్టు పూర్తయింది. ముహూర్తాలు విఘడియలతో సహా లెక్కకట్టే మనిషి చేతికి స్టాప్‌వాచీ ఇస్తే ఎలా ఉంటుందో చూడాల్సిందే. చుట్టు పూర్తవగానే నొక్కి, కళ్ళజోడు పైకి నెట్టి, శుభలేఖ చదివినట్టు చదివేవారు. కూతురు కిందటి చుట్టు కన్నా తొందరగా వస్తే ఆ చదవడంలో గొంతు కాస్త వణికేది. అది సంతోషమే. ఆయన అప్పట్లో మాలో ఒకరు. అందుకే నాకింత మంట.

మొదట తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద నేర్చుకున్నాం. తిన్నగా, పొడుగ్గా, హాయిగా ఉంటుంది. కానీ పొద్దున్నే ఊరంతా అక్కడే నడుస్తుంది. ఒక రిటైరైన హెడ్మాస్టరుగారు చేతికర్రతో సరిగ్గా మధ్యలో నడిచేవారు. కారు రివ్వున వస్తోంటే ఆయన కర్ర అడ్డంపెట్టి ఆపి, కిటికీలోకి వంగి, "అమ్మాయ్, మేం నడుచుకుంటున్నాం కదమ్మా, కాస్త పక్కనుంచి వెళ్ళు" అన్నారు. ఎక్కడ చూసినా పక్కే, అంత వెడల్పు. అయినా ఆయనకి మధ్యే కావాలి. అమ్మాయి "సారీ అండీ" అంటూ కారు దిగి నమస్కారం పెట్టింది. గడియారం పట్టుకున్న పంతులుగారు కూడా వెళ్ళి క్షమించమన్నారు. ఇలాంటి జట్టుతో రేసు గెలవాలని నా తాపత్రయం.

అప్పుడు ఆకివీడు వైపు చేపల చెరువు రైతు ఒకాయన మమ్మల్ని ఆదుకున్నాడు. వాళ్ళింట్లో పెళ్ళిళ్ళన్నీ పంతులుగారే చేయించారు. చేపలు పట్టేశాక వేసవిలో చెరువు ఎండగడతారు. కాలవలు కట్టేసే రోజులు గనక మళ్ళీ నీళ్ళొచ్చేదాకా అది పెద్ద ఖాళీ మైదానం. "తిప్పుకోండి మేస్టారూ, చేపలెటూ లేవు కదా" అన్నాడు. నేను మేస్టర్ని కాదు. కళ్ళజోడు పెట్టుకున్న ముసలివాణ్ణి ఆయన అలాగే పిలుస్తాడు.

అంత మంచి ట్రాకు దేశంలో ఇంకెవరికీ ఉండి ఉండదు. నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి, చుట్టూ ఎత్తయిన గట్లు. గట్ల మీద జనం టిఫిను గిన్నెలతో వచ్చి కూర్చునేవారు. దిగడానికి, ఎక్కడానికి దారి మాత్రం ఒకే మూల, బాగా పల్లంగా ఉన్న చోట. చేపలు పట్టేటప్పుడు నీళ్ళన్నీ చివరికి చేరే మూల అది. ఆ సంగతి అందరికీ తెలుసు. గుర్తుపెట్టుకోండి.

మొదటి పందెం దూరాన ఒక నగరం బయట. మిగతా జట్లకి గుడారాలున్నాయి, గొడుగు పట్టే మనుషులున్నారు, పళ్ళు కోసి పెట్టే మనుషులున్నారు. రేడియేటరు చల్లార్చడానికి మేము ఆకివీడు నుంచి థర్మోకోల్ పెట్టెల్లో ఐసు తీసుకెళ్ళాం. ఆ పెట్టెలు ఎన్ని చేపల్ని మోశాయో ఏమో, మూత తీస్తే పక్క గుడారం వాళ్ళు ముక్కు మూసుకున్నారు. మధ్యాహ్నానికి మాకు 'చేపల బండి' అని పేరు పడింది. ఆ మధ్యాహ్నమే వాళ్ళ ఫ్రిజ్జు పాడైతే మరి ఐసెవరి దగ్గరికొచ్చి అడిగారో అది రాయను, పెద్దవాళ్ళ పరువు.

కార్లు పరీక్ష చేసే అధికారి మా పంజరం మీద పెన్నుతో కొట్టి చూశాడు. "ఇది ఏ గ్రేడు పైపు?"

మేస్త్రి చేతులు కట్టుకుని, "పెళ్ళిళ్ళ గ్రేడండీ" అన్నాడు.

ఆ అధికారి మా వైపువాడే అయి ఉంటాడు. నవ్వి సంతకం పెట్టాడు.

చివరినుంచి రెండో స్థానం వచ్చింది. చివరివాడి కారు అసలు స్టార్టు కాలేదు. అయినా తిరుగు దారంతా పాటలు పాడుకుంటూ వచ్చాం. పంతులుగారు కూడా పాడారు, ఆయనకి తెలిసినవి మంగళహారతులే కాబట్టి అవే.

రెండో పందెంలో కారు బోల్తా పడింది. మలుపులో ఇంకో కారు వెనకనుంచి తగిలింది. మాది రెండు పల్టీలు కొట్టి తలకిందులుగా ఆగింది. పెళ్ళిళ్ళ గ్రేడు పైపులు నిలబడ్డాయి. దుమ్ము అణిగేసరికి అమ్మాయి బెల్టుకి వేలాడుతోంది, ముక్కులోంచి రక్తం నుదుటి మీదికి కారుతోంది, నవ్వుతోంది. "బాబాయ్, ఇంజను ఆపెయ్యి, పెట్రోలు కారుతోంది" అని మేస్త్రికి ఆ వేలాడుతూనే పని చెప్పింది. మేము ఆమెని దించి నీళ్ళు తాగించి వెనక్కి తిరిగితే పంతులుగారు పిట్టగోడ దగ్గర నిలబడ్డచోటే ఉన్నారు. చేతిలో గడియారం నడుస్తూనే ఉంది. ఆపలేదు. ఇంటికి వచ్చేదాకా ఆపలేదు. ఆ రోజు టైములన్నీ పోయాయని నేను విసుక్కున్నాను కూడా. "అవునండీ, మర్చిపోయానండీ" అన్నారు. దారంతా పాట లేదు.

మేస్త్రి కారుని మళ్ళీ నిలబెట్టాడు. మూడో పందెంలో మాకు రెండో స్థానం వచ్చింది. రెండో స్థానమంటే చివరినుంచి కాదు, మొదటినుంచి! నేను ఎగిరిన ఎగురుకి నా పంచె ఊడిందని మేస్త్రి ఇప్పటికీ చెబుతాడు. అబద్ధం, వదులైంది అంతే. అందరూ కాస్త తేరుకున్నాక నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన మా గుడారంలోకి, అంటే లారీ నీడలోకి, వచ్చాడు. పెద్ద జట్టువాళ్ళ మనిషి. "వచ్చే పందెంలో ఈ అమ్మాయి మొదటి ముగ్గురిలో వస్తే మా జట్టులో సీటిస్తాం. అక్కడే ఉండాలి, మా కార్లే తోలాలి. రాకపోతే ఇంకొకరెవరో ఉన్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మాయి హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని లారీ టైరు మీద కూర్చుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. మా చేపల బండి ఎలాగూ ఎన్నాళ్ళో నడవదని మాకందరికీ తెలుసు. బోల్టు పోతే బోల్టు కోసం బతిమాలుకునే జట్టు అది. ఆ పిల్లకి దారంటూ ఉంటే ఆ సీటే.

పంతులుగారు "శుభమండీ" అన్నారు. నేను నమ్మాను.

జూను వచ్చింది. బుధవారం సాయంత్రం చెరువులో చివరిసారి తిప్పాం. మర్నాడు పొద్దున్న ఖాళీ చేపల లారీ ఒకటి గట్టు దగ్గరికొచ్చి కారుని ఎక్కించుకోవాలి. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "బాబాయ్‌గారూ, కారు ఇప్పుడే గట్టెక్కించేద్దామండీ. పొద్దున్న పనుండదు" అన్నాడు. అమ్మాయి తాళం తీసుకుంది కూడా.

పంతులుగారు వేళ్ళ మీద ఏవో లెక్కలు కట్టారు. "ఇప్పుడు వర్జ్యం నడుస్తోందండీ. అంత పెద్ద పనికి బయల్దేరే బండి, ఇప్పుడు కదలకూడదు. రేపు పొద్దున్న ఎనిమిది దాటాక దివ్యంగా ఉంది."

"పైకెక్కించడానికి కూడా ముహూర్తమా నాన్నగారూ?" అంది అమ్మాయి.

"గట్టెక్కడమే కదమ్మా ముఖ్యం."

మేస్త్రి నా వైపు చూశాడు. నేను జాతకాల్ని నమ్మను. కానీ ఆదివారం పందెం పెట్టుకుని, పంతులుగారు వద్దన్న వేళకి కారు కదిపే ధైర్యం నాకే కాదు, జిల్లాలో ఎవడికీ లేదు. మేస్త్రి మతం వేరు. అతను కూడా "పంతులుగారన్నాక ఎందుకులెండి" అన్నాడు. పల్లపు మూలలో కారు పెట్టి, నీలం పట్టా కప్పి, ఇళ్ళకి వెళ్ళాం.

పొద్దున్న వెళ్ళేసరికి చెరువులో ఆకాశం కనబడుతోంది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నీరు మాత్రం పల్లాన్ని ఏ పొరపాటూ లేకుండా ఎరిగింది. మిగతా చెరువంతా ఇంకా మడమల లోతు కూడా లేదు. మా మూలలో మాత్రం కారు పైకప్పు ఒక్కటే తేలుతోంది. దాని మీద ఒక కొంగ నిలబడి ఉంది. అవతలి గట్టున తూము తెరిచి ఉంది, గోదావరి నీళ్ళు బుసబుసమంటూ దూకుతున్నాయి. ఏటా వారాలకి వారాలు ఆలస్యంగా వచ్చే కాలవ, ఆ ఏడు చెప్పిన రోజుకి వచ్చింది. ప్రభుత్వం ఒక పని వేళకి చేస్తే ఎంత అనర్థమో ఆ రోజు చూశాను.

చెరువు రైతు తూము దగ్గర పసుపూ కుంకుమా పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ వచ్చాడు. మూలలో కొంగని చూశాడు. కొంగ కింద ఉన్నది చూశాడు. పళ్ళెం జారిపోయింది.

"నిన్ననే తీసేశారనుకున్నానండీ! తెల్లవారుజామున తూము తెరవమని ముహూర్తం పెట్టింది పంతులుగారే కదా! బండి సంగతి ఆయనకి తెలీదా అనుకున్నానండీ!"

మేస్త్రి చొక్కా విప్పకుండానే దూకేశాడు. లారీవాడు తాడు విసిరాడు. జనం పోగయ్యారు. నేను గట్టు మీద నిలబడి నాకు తెలిసిన బూతులు, కాగితాల మీద చదివినవి కూడా కలిపి, వరసగా అందుకున్నాను. అందరం కారుని చూస్తున్నాం. అమ్మాయి మాత్రం నాన్నగారిని చూస్తోంది. ఆయన తన చెప్పుల్ని చూసుకుంటున్నారు.

ట్రాక్టరు పెట్టి లాగితే, ఇంజను నిండా ఒండ్రు. స్టీరింగు కింద రెండు నత్తలు అప్పుడే కాపురం పెట్టాయి. మేస్త్రి ఆ రోజూ మర్నాడూ దాన్ని విప్పి, ఆరబెట్టి, తుడిచాడు, దాని కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. శనివారం సాయంత్రం ఒకసారి దగ్గింది. అంతే. ఆదివారం పందెం మేము లేకుండానే జరిగింది. నల్లకళ్ళద్దాలాయన చెప్పినట్టే ఇంకొకరెవరో ఉన్నారు. ఆ సీటు వాళ్ళకి వెళ్ళింది.

జట్టు కూడా అక్కడితో సరి. మేస్త్రి పంజరం కోసేశాడు. ఆ పైపులు మళ్ళీ పెళ్ళిళ్ళకి పోయాయి. వెనక ఇరుసు, చక్రాలు చేపల మేత బస్తాలు లాగే ట్రాలీకి బిగించారు. ఆ ట్రాలీ మొన్నటిదాకా అదే చెరువు గట్టు మీద తిరిగేది. పసుపు తలుపొకటి నా కొట్టులో ఉంది. కోళ్ళకి అడ్డంపెట్టడానికి పనికొస్తోంది.

ఆ ఏడాది చేపల పట్టుబడి అయ్యాక చెరువు రైతు పెద్ద బొచ్చె చేపతో మా ఇంటికొచ్చాడు. "మా తప్పేం లేదు మేస్టారూ. అయినా మనసాగక తెచ్చాను" అని గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చుని అన్నాడు: "నిజానికి మేము ఆ పై వారం వదులుదామనుకున్నామండీ. కాలవకి నీళ్ళెలాగూ ఉన్నాయి. పంతులుగారే కబురుపెట్టి ముందుకి జరిపారు. గురువారం కన్నా మంచి రోజు మళ్ళీ లేదన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా మతిమరుపనుకున్నాను. రెండు కుండల్లో చెయ్యిపెట్టే మనిషి, ఒక కుండ మర్చిపోయాడనుకున్నాను. ఆ మంటలోనే చేప పులుసు పెట్టించుకుని తిన్నాను. చాలా బాగుంది. ఆ ఏడాది చేపలన్నీ అలాగే ఉన్నాయట. అది ఇంకా మంట.

అప్పటినుంచి మొదలుపెట్టాను అడగడం. "ముహూర్తం ముందుకి ఎందుకు జరిపారండీ?" ఆయన ఎంత మర్యాదస్థుడంటే తప్పించుకోవడం కూడా నమస్కారం పెట్టి తప్పించుకుంటారు. "చూద్దామండీ" అంటారు. ఏం చూస్తారు, జరిగిపోయినదాన్ని? ఒక గృహప్రవేశంలో అందరి ముందూ నిలదీశాను. ఆయన నా నెత్తిన గుప్పెడు అక్షతలు వేసి "శతమానం భవతి" అన్నారు. నూరేళ్ళు బతకమని దీవిస్తే ఇంకేం తిడతాను? పైగా వెనకాల నా భార్య ఆ దీవెన తనకీ కావాలని వంగింది. ఇంకోసారి ఇంటికే వెళ్ళాను. కాఫీ ఇచ్చారు.

మేస్త్రి, "వదిలెయ్యండి బాబాయ్‌గారూ, ఆడపిల్ల తండ్రి" అనేవాడు. తండ్రయితే నోరుండదా? చెరువుకే చెప్పాలా?

ఇక అమ్మాయి. ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు, ఇల్లు వదిలి పోలేదు. ఇప్పుడు వట్లూరు రోడ్డులో డ్రైవింగు స్కూలు నడుపుతోంది. ఊళ్ళో ఆడవాళ్ళు సగం మంది ఆమె దగ్గరే నేర్చుకున్నారు. నాన్నగారిని పెళ్ళిళ్ళకి దింపడమూ మానలేదు. కాకపోతే ఆ గురువారం తర్వాత ఆ అమ్మాయి వ్యానుని మూడో గేరు దాటించలేదు. ఒక్కసారి కూడా. ఎద్దుబండి వెనక ఉంటే ఎద్దుబండి వెనకే వెళ్తుంది. హారను కొట్టే చేపల లారీలకి చెయ్యి ఊపి దారిస్తుంది. పంతులుగారు ముహూర్తానికి అందక పీటల మీద పెళ్ళికొడుకులు నిద్రపోతున్నారని, ఆయన ఒప్పుకునే పెళ్ళిళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నాయని, జిల్లా అంతా చెప్పుకుంటారు. "ఎందుకమ్మా ఇంత నిదానం?" అని నేనే అడిగాను ఒకసారి. "రోడ్డు మీద జాగ్రత్త మంచిది కదా మావయ్యగారూ" అంది, పాలు పొంగకుండా దించినంత మెత్తగా. అదీ ఆ ఇంటి పద్ధతే. తండ్రి వద్దనలేడు. కూతురు ఎందుకు చేశావనదు.

మొన్న శ్రావణంలో ఆకివీడులో ఆ చెరువు రైతు మనవరాలి పెళ్ళి. నా స్కూటరు మేస్త్రి దగ్గర ముక్కలై ఉంది. పంతులుగారి వ్యాను మా వీధిలోనే వెళ్తుంటే ఎక్కాను. ఎక్కడం అంటే, అది ఆగక్కర్లేదు. నడుస్తుండగానే ఎక్కి కూర్చోవచ్చు.

ముందు సీట్లో పంతులుగారు. బాగా నెరిసిపోయారు. ఒళ్ళో అదే అక్షతల పళ్ళెం. గడియారం చూసుకుంటారు, రోడ్డు చూస్తారు, మళ్ళీ గడియారం. అమ్మాయి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, స్కూల్లో నేర్పినట్టు, అద్దాలన్నీ చూసుకుంటూ తోలుతోంది. కైకలూరు దాటేసరికి మమ్మల్ని ఒక సైకిలు దాటిపోయింది. సైకిలు మీద ముసలాయన దాటుతూ పంతులుగారికి నమస్కారం పెట్టాడు. పంతులుగారు తిరిగి పెట్టారు.

"ముహూర్తం ఎన్నింటికండీ?" అన్నాను.

"అయిపోవస్తోందండీ" అన్నారు నీరసంగా.

వెనక నాలుగు లారీలు ఒకేసారి హారను కొట్టాయి. అమ్మాయి చెయ్యి బయటపెట్టి, పొమ్మని ఊపింది. రోడ్డు పక్కనే ఆ చెరువు కనబడుతోంది, నీళ్ళతో, అవతలి గట్టున మా మూల. పంతులుగారు అటు చూసి మొహం తిప్పుకున్నారు. ఇంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ రాదు. వ్యాను పరిగెత్తదు, ఆయన దిగి పారిపోలేరు, కాఫీ ఇవ్వలేరు, అక్షతలు నా నెత్తిన వేస్తే పెళ్ళికి మిగలవు.

ముందుకి వంగి, కూతురు వింటుండగా, ఆ పాత ప్రశ్నే అడిగాను. ముహూర్తం ముందుకి ఎందుకు జరిపారండీ?

అద్దంలో అమ్మాయి కళ్ళు రోడ్డు మీంచి కదల్లేదు. పంతులుగారు పళ్ళెం మీద చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరగకుండా, ఎదురుగా అద్దంలోకి చూస్తూ చెప్పారు:

"నేనే కావాలని జరిపానండీ. ఆ పందెంలో అమ్మాయి తలకిందులుగా వేలాడుతుంటే, అది నవ్వుతోందని మీరందరూ సంతోషించారు. నాకు రక్తమే కనబడింది. ఇంటికొచ్చాక వద్దని చెబుదామని రోజూ నోరు తెరిచేవాణ్ణి, రోజూ 'శుభం' అనే వచ్చేదండీ. నోటితో చెప్పలేక కాలవతో చెప్పించాను. తప్పేనండీ. ఇన్నేళ్ళూ మీరడుగుతూనే ఉన్నారు. అది అడక్కుండా ఇలా తోలుతూనే ఉంది. ఇద్దరిలో అదే ఎక్కువ తిట్టింది నన్ను. ఇప్పుడు చెప్పేశాను కదండీ. ఇక మీరైనా చెప్పండి, ఒక్క గేరు మార్చమని. పీటల మీద పిల్లలు ఎదురుచూస్తున్నారు."